అగ్రిమెంటు రాసిన పెద్దాయన రిజిస్ట్రేషన్‌కు ముందే పోతే

ఒంగోలులో ఒక పెద్దాయన తన రెండంతస్తుల ఇల్లు 70 లక్షలకు బేరం కుదుర్చుకున్నారనుకుందాం. అగ్రిమెంటు రాసుకున్నారు, 15 లక్షలు అడ్వాన్సు పుచ్చుకున్నారు, మిగతా 55 లక్షలకు మూడు నెలలు గడువు పెట్టుకున్నారు. నలభయ్యో రోజున గుండెపోటుతో పోయారు. కొనేవాళ్లు అప్పటికి బ్యాంకు లోను కోసం తిరుగుతున్నారు. పలకరింపుకు వెళ్లిన మనిషి చావింట్లో అగ్రిమెంటు మాట ఎత్తలేడు, ఎత్తకుండా తిరిగొస్తే రాత్రి నిద్ర పట్టదు. పెద్దకర్మ అయిపోయాక రెండు ఇళ్లలోనూ ఒకటే ప్రశ్న: ఈ బేరం ఉన్నట్టా, పోయినట్టా?

ఉన్నట్టే. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 37వ సెక్షన్ ఈ సంగతి తేల్చి చెప్పింది. మాట ఇచ్చిన మనిషి దాన్ని నెరవేర్చకముందే చనిపోతే ఆ బాధ్యత అతని వారసుల మీద పడుతుంది, ఒప్పందంలోనే వేరేలా రాసుకుంటే తప్ప. ఆ సెక్షన్ కింద చట్టమే రెండు ఉదాహరణలు ఇచ్చింది. ఫలానా రోజుకు సరుకు ఇస్తానన్న మనిషి చనిపోతే వారసులు ఆ సరుకు ఇవ్వాలి. బొమ్మ వేసిస్తానన్న చిత్రకారుడు చనిపోతే మాత్రం ఆ బొమ్మ వేయమని అతని వాళ్లను అడగలేం, వాళ్లూ దాని తాలూకు డబ్బు అడగలేరు. ఇల్లు అమ్మడం మొదటి కోవలోది. క్రయ దస్తావేజు మీద సంతకం పెట్టడానికి ఆ ఇంటి మీద హక్కు ఉంటే చాలు, ఆ హక్కు ఇప్పుడు వారసుల చేతిలో ఉంది.

అంతమాత్రాన ఇల్లు కొనేవాళ్లదైపోయిందా అంటే, లేదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 54వ సెక్షన్ ప్రకారం అగ్రిమెంటు వల్ల ఇంటి మీద ఏ హక్కూ పుట్టదు. రిజిస్టరైన క్రయ దస్తావేజుతోనే ఇల్లు చేతులు మారుతుంది. కాబట్టి పెద్దాయన కన్ను మూసిన క్షణాన ఇల్లు ఆయనదే, మరుక్షణం ఆయన వారసులది. దానితోపాటు ఆయన ఇచ్చిన మాట కూడా వాళ్లకే సంక్రమించింది. "డబ్బు కట్టాం, ఇల్లు మాది" అని కొన్నవాళ్లు అంటారు. "మేమేం సంతకం పెట్టలేదు కదా" అని వారసులు అంటారు. రెండూ సగం సగం నిజాలే. తగాదా అంతా ఈ రెండు సగాలను ఒకచోటికి చేర్చలేకపోవడం వల్లే వస్తుంది.

మొన్నటిదాకా ఒక్క సంతకం సరిపోయేది. ఇప్పుడు ఎన్ని కావాలో లెక్క వేద్దాం, ఎందుకంటే అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఇల్లు పెద్దాయన స్వార్జితం, వీలునామా రాయలేదు, ఆయన హిందువు. భార్య ఉన్నారు. ఎనభై నాలుగేళ్ల తల్లి ఉన్నారు. పెద్దకొడుకు హైదరాబాద్‌లో, కూతురు డాలస్‌లో ఉన్నారు. చిన్నకొడుకు నాలుగేళ్ల కిందటే చనిపోయాడు, అతని భార్య, తొమ్మిదేళ్ల బాబు ఉన్నారు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం వీళ్లంతా మొదటి తరగతి వారసులే. ఆస్తి అయిదు వాటాలవుతుంది: భార్యకు ఒకటి, తల్లికి ఒకటి, పెద్దకొడుకుకు ఒకటి, కూతురికి ఒకటి, చనిపోయిన కొడుకు శాఖకు ఒకటి. రావలసిన 55 లక్షల్లో వాటాకు 11 లక్షలు. చివరి వాటాను కోడలు, మనవడు చెరిసగం పంచుకుంటారు, అంటే చెరో అయిదున్నర లక్షలు. మొత్తం ఆరుగురు. అందులో ఒకరు పరదేశంలో, ఒకరు మైనరు.

ఈ లెక్కలో ఇంట్లోవాళ్లు తరచూ మరిచిపోయేది ఆ ముసలితల్లిని. భార్యా పిల్లలు సంతకాలు పెడితే చాలనుకుంటారు. తల్లి మొదటి తరగతి వారసురాలు. చనిపోయినాయన తండ్రి బతికుంటే ఆయనకు ఆ తరగతిలో చోటు లేదు గానీ తల్లికి ఉంది. ఆమెను వదిలేసి రిజిస్ట్రేషన్ చేస్తే అయిదో వంతు ఇల్లు అమ్ముడుపోనట్టే. పదేళ్ల తర్వాత ఆ ఇంటి మీద ఎవరైనా లోనుకు వెళ్తే బ్యాంకు లాయరు మొదట వేలు పెట్టేది ఆ అయిదో వంతు మీదే. పెళ్లయి వెళ్లిన ఆడపిల్ల విషయంలోనూ ఇదే పొరపాటు. "కట్నం ఇచ్చేశాం, ఆమెకేం సంబంధం" అనే మాట ఇప్పటికీ వినబడుతుంది. ఆ మాటకు చట్టంలో విలువ లేదు.

ఇల్లు ఆడమనిషి పేరు మీద ఉండి ఆమే పోతే వరస మారుతుంది. ముందు పిల్లలు, భర్త, చనిపోయిన పిల్లల పిల్లలు. పిల్లలూ, పిల్లల పిల్లలూ లేని ఆమెకు ఆ ఇల్లు పుట్టింటి నుంచి వారసత్వంగా వచ్చినదైతే భర్తకు కాక ఆమె తండ్రి వారసులకు వెళ్తుంది. ముస్లిం కుటుంబాల్లో వాటాలు వాళ్ల ధర్మశాస్త్రం ప్రకారం, క్రైస్తవ కుటుంబాల్లో 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం తేలతాయి. వాటాలు ఎలా మారినా అగ్రిమెంటు బాధ్యత మాత్రం మారదు. వీలునామా ఉన్నా అంతే: ఇల్లు ఎవరికి రాస్తే వాళ్లు అగ్రిమెంటుతో సహా పుచ్చుకోవాలి.

వారసులెవరో చూపించడానికి మన దగ్గర అందరూ పట్టుకొచ్చేది మీసేవలో పెట్టుకుని తహసీల్దారు కార్యాలయం నుంచి తెచ్చుకునే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్. అది అవసరమే. కానీ కుటుంబంలో ఎవరెవరున్నారో చెప్పే కాగితమే తప్ప ఎవరికి ఎంత హక్కుందో తేల్చేది కాదు. అందులో పేరు లేనంత మాత్రాన తల్లి హక్కు పోదు. మరోవైపు కొందరు సక్సెషన్ సర్టిఫికెట్ కోసం కోర్టు చుట్టూ నెలల తరబడి తిరుగుతారు. చనిపోయిన మనిషికి రావలసిన బాకీలు, షేర్లు, డిపాజిట్ల లాంటివి రాబట్టుకోవడానికి పనికొచ్చే కాగితం అది. ఇంటికి దానితో పని లేదు. ఇంట్లో మనిషి పోయిన దుఃఖంలో ఉన్నవాళ్లను అక్కర్లేని కాగితం కోసం తిప్పడం చూస్తే బాధేస్తుంది.

డాలస్ కూతురు రావక్కర్లేదు. అక్కడి భారత కాన్సులేట్‌లో గానీ నోటరీ ముందు గానీ అన్నగారి పేర పవర్ ఆఫ్ అటార్నీ, అంటే తన బదులు సంతకం పెట్టే అధికార పత్రం, రాసి పంపవచ్చు. అది మన దేశానికి చేరిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు డ్యూటీ కట్టించాలి. ఈ మూడు నెలల సంగతి తెలియక కవరు బీరువాలో పెట్టి మరిచిపోయేవాళ్లు ఉంటారు.

బాబు వాటా అసలు కష్టమైనది. తండ్రి పోయాడు కాబట్టి తల్లే సహజ సంరక్షకురాలు. అయినా మైనరు పేర ఉన్న స్థిరాస్తిని కోర్టు అనుమతి లేకుండా ఆమె అమ్మకూడదని 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షణ చట్టం 8వ సెక్షన్ చెబుతోంది. అమ్మితే ఆ అమ్మకాన్ని బాబు పెద్దయ్యాక రద్దు చేయించుకోవచ్చు. పద్దెనిమిది నిండాక మూడేళ్ల దాకా అతనికి గడువుంది. అంటే తొమ్మిదేళ్ల బాబు విషయంలో కొన్నవాళ్ల మీద పన్నెండేళ్లు కత్తి వేలాడుతుంది. "తాతగారు బతికుండగానే బేరం చేశారు, మేం దాన్ని నెరవేరుస్తున్నామంతే, దీనికి అనుమతి ఎందుకు" అని వాదించవచ్చు, అందులో బలం లేకపోలేదు. అయినా నా మాట ఒకటే: కోర్టుకు వెళ్లి అనుమతి తెచ్చుకోండి. నాలుగు నెలలు ఆలస్యమైనా పన్నెండేళ్ల భయం తప్పుతుంది. అనుమతి ఇచ్చేటప్పుడు కోర్టు చూసేది బాబు మేలు. అతని అయిదున్నర లక్షలను అతని పేర డిపాజిట్ చేయమనవచ్చు. అది కొన్నవాళ్లకూ మంచిదే.

ఇక పెద్దాయన పోయిన రోజున కొనేవాళ్ల చేతిలో ఏముంది అన్నది చూడాలి. టోకెన్ కింద ఇచ్చిన యాభై వేలు, ఫోనులో నాలుగు మెసేజీలు మాత్రమే ఉంటే, నోటి మాట కూడా ఒప్పందమే గానీ ఎంతకు, ఎప్పటికి, ఏ హద్దులతో అన్నది రుజువు చేయడం చాలా కష్టం. మాట్లాడుకున్న ఇద్దరిలో ఒకరు లేరు. అలాంటప్పుడు డబ్బు వెనక్కి అడిగి తెచ్చుకోవడం మేలు.

రాతపూర్వకంగా అగ్రిమెంటు ఉంది, రిజిస్టరు కాలేదనుకుందాం. మన దగ్గర ఎక్కువమంది పరిస్థితి ఇదే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో చేసిన సవరణతో క్రయ అగ్రిమెంటునూ రిజిస్టరు చేయించడం తప్పనిసరి అయింది. అయినా స్టాంపు కాగితం మీద రాసుకుని ఊరుకునే అలవాటు పోలేదు. అలాంటి అగ్రిమెంటు చిత్తు కాగితమేమీ కాదు. ఒప్పందం అమలు చేయించమని వేసే దావాలో దాన్ని సాక్ష్యంగా తీసుకోవచ్చని రిజిస్ట్రేషన్ చట్టం 49వ సెక్షన్ మినహాయింపు ఇచ్చింది. కానీ దాని బలహీనత మరోచోట ఉంది. వారసులు ఎక్కువ ధరకు ఇంకొకరికి అమ్మేస్తే, ఆ మూడో మనిషి "ఈ అగ్రిమెంటు సంగతి నాకు తెలియదు, పూర్తి డబ్బు ఇచ్చి నిజాయతీగా కొన్నాను" అంటే అతనికి రక్షణ ఉంది. రిజిస్టరైన అగ్రిమెంటు ఈసీలో, అంటే ఆ ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే కాగితంలో, కనిపిస్తుంది కాబట్టి తెలియదనే మాటకు చోటుండదు. ఇంటి తాళాలు కూడా తీసుకుని చేరిపోయినవాళ్లు మరో సంగతి గుర్తుంచుకోవాలి: 2001 సవరణ తర్వాత రిజిస్టరు కాని అగ్రిమెంటుతో స్వాధీనంలో ఉన్నవాళ్లకు ఆస్తి బదిలీ చట్టం 53ఎ సెక్షన్ కాపుదల లేదు.

దస్తావేజు మీద పెద్దాయన సంతకం పెట్టేశారు, మర్నాడు సబ్‌రిజిస్ట్రార్ దగ్గరకు వెళ్లాలి, రాత్రికి రాత్రే పోయారనుకుందాం. వినడానికి ఘోరంగా ఉన్నా కొనేవాళ్ల పరిస్థితి ఇక్కడ మెరుగ్గా ఉంటుంది. సంతకమైన నాటి నుంచి నాలుగు నెలల్లోపు ఆ దస్తావేజును రిజిస్ట్రేషన్‌కు పెట్టవచ్చు. వారసులు వెళ్లి "ఇది మా నాన్నగారి సంతకమే" అని ఒప్పుకుంటే రిజిస్ట్రేషన్ చట్టం 35వ సెక్షన్ కింద రిజిస్టరు చేస్తారు. 47వ సెక్షన్ ప్రకారం అది రిజిస్టరైన రోజు నుంచి కాక సంతకమైన రోజు నుంచే చెల్లుతుంది. వారసులు కాదంటే సబ్‌రిజిస్ట్రార్ నిరాకరిస్తారు. అప్పుడు 30 రోజుల్లోపు జిల్లా రిజిస్ట్రార్‌కు దరఖాస్తు పెట్టాలి. ఆయన విచారించి సంతకం నిజమో కాదో తేలుస్తారు. అక్కడా కాదంటే మళ్లీ 30 రోజుల్లోపు సివిల్ కోర్టు. ఈ ముప్ఫై రోజులు దాటిపోనివ్వకూడదు.

రిజిస్ట్రేషన్ అయిపోయి కొంత డబ్బు మాత్రమే బాకీ ఉండగా పోతే ఇల్లు కొన్నవాళ్లదే. వారసులకు ఆ బాకీ మీద, దానికి హామీగా ఇంటి మీద హక్కుంటుంది. డబ్బు అడగాలి గానీ ఇల్లు తిరిగి ఇమ్మని అడగలేరు.

జీపీఏ, అంటే జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ గురించి కూడా ఒక మాట చెప్పాలి. పెద్దాయన కొడుకు పేర మామూలు జీపీఏ ఇచ్చి ఉంటే అది ఆయనతోనే పోతుంది. నాన్న పోయిన సంగతి తెలిసీ ఆ జీపీఏతో కొడుకు సంతకం పెడితే, కొనేవాళ్లకూ ఆ సంగతి తెలిసి ఉంటే, తోబుట్టువుల వాటాలు ఆ దస్తావేజుతో రావు. కానీ పూర్తి సొమ్ము పుచ్చుకుని కొనేవాళ్ల పేరే రాసిన అగ్రిమెంట్ ఆఫ్ సేల్ కమ్ జీపీఏ వేరు. ఏజెంటుకు ఆ ఆస్తిలో సొంత ప్రయోజనం ఉన్నప్పుడు ఇచ్చినాయన మరణంతో ఆ అధికారం రద్దు కాదని కాంట్రాక్టు చట్టం 202వ సెక్షన్ అంటుంది. కాగితం మీద "రద్దు చేయరాదు" అని రాసినంత మాత్రాన ఆ బలం రాదు, నిజంగా డబ్బు చేతులు మారి ఉండాలి. అదీ గాక జీపీఏ దగ్గరే ఆగిపోతే యజమానులు కాలేరని 2011 అక్టోబరులో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. క్రయ దస్తావేజు ఎప్పటికైనా కావాల్సిందే.

ధర అలాగే ఉంటే ఆరుగురూ సంతకాలు పెట్టేస్తారు. ఆ వీధిలో ధర 70 నుంచి 95 లక్షలకు లేచిందంటే "నాన్న ఏం రాశారో మాకు తెలియదు" అనే మాట మొదలవుతుంది. స్వార్జితమైతే వారసులకు ఈ వాదన నిలవదు. పిత్రార్జితమైతే కథ వేరు. అగ్రిమెంటు మీద సంతకం చేసినాయనకు ఇల్లంతా అమ్మే అధికారం ఉందా, కుటుంబ అవసరం కోసమే అమ్మారా అని కొడుకులూ కూతుళ్లూ అడగవచ్చు. ఉమ్మడి రాష్ట్రంలో ఎన్టీఆర్ హయాంలో 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించేలా చేసిన చట్టం అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు పిత్రార్జితంలో కొడుకులతో సమానంగా పుట్టుకతో హక్కు ఇచ్చింది. 2005 కేంద్ర సవరణ పెళ్లయినవాళ్లకూ ఇచ్చింది. 2005 నాటికి తండ్రి బతికి ఉండాల్సిన పని లేదని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది. కాబట్టి ఆస్తి ఎలా వచ్చిందో లింకు డాక్యుమెంట్లలో, అంటే పాత దస్తావేజుల్లో, చూడకుండా అడ్వాన్సు ఇవ్వడం ప్రమాదం.

కోర్టుకు వెళ్లక తప్పకపోతే వారసులందరినీ చేర్చి ఒప్పందం అమలు దావా వేయాలి. గడువు మూడేళ్లు: అగ్రిమెంటులో తేదీ ఉంటే ఆ తేదీ నుంచి, లేకపోతే ఇల్లు రాసివ్వబోమని వాళ్లు చెప్పిన సంగతి తెలిసిన రోజు నుంచి. పెద్దాయన పోయారని ఈ గడియారం ఆగదు. 2018 అక్టోబరు 1 నుంచి ఇలాంటి ఒప్పందాలను అమలు చేయించడం కోర్టుకు ఐచ్ఛికం కాదు, చట్టంలో చెప్పిన మినహాయింపులు లేకపోతే అమలు చేయించాలి. అయినా మిగతా డబ్బుతో మొదటి నుంచీ సిద్ధంగా ఉన్నామని కొనేవాళ్లే రుజువు చేయాలి. పాసు పుస్తకం, లోను మంజూరు ఉత్తరం, వారసులందరికీ పంపిన నోటీసులు ఇందుకే దాచుకోవాలి. ఇల్లు రాకపోతే అడ్వాన్సైనా ఇప్పించమని దావాలో ముందే అడగాలి, అడగకపోతే కోర్టు దానంతట అది ఇవ్వదు. అడ్వాన్సు మొత్తానికి, కొనేవాళ్ల తప్పు లేనంత వరకు, ఆ ఇంటి మీద హామీ హక్కు ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్‌లోనే ఉంది. అగ్రిమెంటు మొత్తం మీద కోర్టు ఫీజు, ఏళ్ల తరబడి వాయిదాలు లెక్కేసుకుంటే రాజీ ఎంత విలువైనదో తెలుస్తుంది. దావా నడుస్తుండగా పెద్దాయన పోతే 90 రోజుల్లోపు వారసులను రికార్డులోకి తేవాలి.

మంచిగా తేల్చుకోదలచినవాళ్లకు దారి ఉంది. పెద్దకర్మ తర్వాత ఓ వారం ఆగి, డెత్ సర్టిఫికెట్ చేతికొచ్చాక వారసులంతా కూర్చుని ఒక అనుబంధ ఒప్పందం రాసుకోవాలి. పాత అగ్రిమెంటు ఫలానా తేదీది, అడ్వాన్సు 15 లక్షలు ముట్టింది, మేం ఫలానా ఆరుగురం వారసులం, కోర్టు అనుమతి వచ్చాక ఫలానా తేదీలోపు రిజిస్టరు చేస్తాం అని. ఈ ఒక్క కాగితంతో గడువు పొడిగింపూ అయిపోతుంది, తెలియదనే మాటా పోతుంది, కొనేవాళ్ల బ్యాంకూ లోను ఫైలు ముందుకు కదుపుతుంది. మిగతా డబ్బు ఒక్కరి చేతికి ఇవ్వకూడదు. పెద్దాయన పాత ఖాతాలో వేయడం అంతకన్నా తప్పు. ఎవరి వాటా వాళ్ల ఖాతాలో పడాలి. ఇల్లు 50 లక్షలకు తక్కువ కాదు కనుక కొనేవాళ్లు చెల్లించే సొమ్ములోంచి ఒక శాతం పన్ను (టీడీఎస్) పట్టి కట్టాలి, పెద్దాయన పాన్ మీద కాదు, ఎవరి వాటాకు వాళ్ల పాన్ మీద. ఒక్కో వాటా 50 లక్షల లోపే కదా అనడానికి లేదు, 2024 అక్టోబరు నుంచి మొత్తం ధరే చూస్తారు. కూతురు పన్ను లెక్కల్లో ఎన్ఆర్ఐ అయితే ఆమె వాటాకు ఈ ఒక శాతం వర్తించదు, రేటు చాలా ఎక్కువ. ఆడిటరును అడగకుండా ఆమె డబ్బు పంపవద్దు.

పెద్దాయనకు ఆ ఇంటి మీద లోనుంటే కొనేవాళ్లు కట్టే సొమ్ములోంచే తీర్చవచ్చు. తీరిన 30 రోజుల్లోపు అసలు దస్తావేజులు తిరిగి ఇవ్వాలని, చనిపోయినవాళ్ల కాగితాలు వారసులకు ఇచ్చే పద్ధతిని బ్యాంకులు ముందే ప్రకటించాలని, తమ తప్పు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయలు చెల్లించాలని రిజర్వు బ్యాంకు 2023 సెప్టెంబరులో ఆదేశించింది.

ఇంకా అగ్రిమెంటు రాసుకోనివాళ్లు ఉంటే, అమ్మేవారిది పెద్ద వయసైతే మూడు నెలల గడువు పెట్టుకోకండి. లోను ముందే మంజూరు చేయించుకుని, అగ్రిమెంటుకూ రిజిస్ట్రేషన్‌కూ మధ్య రోజులు తగ్గించుకోండి. అగ్రిమెంటు రిజిస్టరు చేయించండి. భార్యా పిల్లల చేత సమ్మతి సంతకాలు పెట్టించండి. మేజరైన వారసుడెవరైనా తర్వాత "మాకు తెలియదు" అనడానికి అవి అడ్డుపడతాయి. అమ్మేవారు మంచం మీద ఉంటే, ఆసుపత్రి నుంచి ఎప్పుడు వస్తారా అని ఎదురుచూడక్కర్లేదు. డాక్టరు కాగితంతో దరఖాస్తు పెట్టి రుసుము కడితే సబ్‌రిజిస్ట్రారే ఇంటికో ఆసుపత్రికో వచ్చి, ఆయన స్పృహతో ఒప్పుకున్నాక వేలిముద్రలు తీసుకుని రిజిస్టరు చేసే వీలు చట్టంలో ఉంది.